పరుపు వారం వారం ఎండేసినా పొద్దున్నే తుమ్ములు ఎందుకు ఆగవు?

డాబామీద: కోస్తాలో బూరుగుదూది పరుపును ప్రతి ఆదివారం ఎండేసే ఇళ్లలోనూ లేవగానే తుమ్ములు, ముక్కు దిబ్బడ తగ్గడం లేదు. లోపం ఎక్కడ?

పిల్లికూతలు: మండే ఎండకు పైపొరల్లో ఉన్న దుమ్ము పురుగులు (పరుపుల్లో బతికే, కంటికి ఆనని చిన్న జీవులు) చస్తాయి. కానీ అలర్జీ తెప్పించేది ముఖ్యంగా వాటి రెట్ట. ఒక్కో ఉండ దాదాపు 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). అందులోని డెర్ పి 1 అనే ఎంజైము ముక్కు లోపలి పొరలో కణాల మధ్య అతుకులను తెంచి లోపలికి దిగుతుంది. ఒంట్లో అప్పటికే దానిమీద ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) తయారై ఉంటే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, తుమ్ములు మొదలవుతాయి. పురుగు చచ్చినా రెట్ట దూదిలోనే ఉంటుంది. అందుకే ఎండేశాక రెండు వైపులా గట్టిగా దులపాలి. ఆ పని అలర్జీ ఉన్నవాళ్లు చేయకూడదు.

జిప్పుకవరు: దులిపినా పూర్తిగా పోదండీ. ఆరు వైపులా మూసే జిప్పు కవరు కావాలి, నేత రంధ్రాలు 10 మైక్రాన్ల లోపు ఉండాలి. నాలుగు మూలల ఎలాస్టిక్ షీటు పనికిరాదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు దిండుకు కొనండి, ముక్కు ఆనేది దానికే.

పిల్లికూతలు: నిజమే, కానీ కవరొక్కటే నమ్ముకోవద్దు. 2003లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్లమీద చేసిన పరిశోధనలో కవర్ల వల్ల మాత్రమే ఆస్తమా తగ్గలేదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. చన్నీళ్లకు రెట్ట చాలావరకు కొట్టుకుపోతుంది గానీ పురుగులు దారాలను పట్టుకుని బతికే ఉంటాయి. వేడినీళ్లు పడని బొమ్మల్ని సంచిలో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఉతకండి. ఉతక్కపోతే రెట్ట అలాగే ఉంటుంది.

తేమలెక్క: అసలు మూలం తేమ. ఈ పురుగు నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. తేమ 50 శాతం లోపే నిలిస్తే ఎండి చస్తుంది. కిటికీలు మూసి ఎయిర్ కూలర్ వేస్తే గది వాటికి అనువుగా తయారవుతుంది. వానాకాలంలో ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. తేమ కొలిచే హైగ్రోమీటరు ఒకటి మంచం పక్కన ఉంచుకుంటే ఊహలతో పనిలేదు.

డాబామీద: ఎయిర్ ప్యూరిఫయర్?

తేమలెక్క: ఈ రేణువులు బరువు, దులిపిన అరగంటలో చాలావరకు కిందికి దిగిపోతాయి. యంత్రానికి అందేది తక్కువ. ఆ డబ్బు కవర్లకు పెట్టండి. పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి.

చర్మపరీక్ష: ఇవన్నీ చేసే ముందు కారణం ఇదేనా అని తేల్చుకోండి. స్కిన్ ప్రిక్ పరీక్షకు (చర్మంమీద అలర్జీ పదార్థాల చుక్కలు పెట్టి సూదితో గుచ్చి చూసేది) ముందు యాంటీ హిస్టమిన్ మాత్రలు సుమారు వారం ఆపాలి, డాక్టరు చెబితేనే. ఆపకపోతే ఉన్న అలర్జీ కూడా లేనట్టే కనిపిస్తుంది. 15 నిమిషాల తర్వాత, పోలిక కోసం సెలైన్ (ఉప్పునీటి) చుక్క పెట్టినచోటి కన్నా 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దు వస్తే పాజిటివ్. మన వాతావరణంలో బ్లోమియా ట్రాపికాలిస్ అనే మరో రకం దుమ్ము పురుగు కూడా ఉంటుంది, ఆ చుక్క కూడా పెట్టమని అడగండి. ఇక మందు సంగతి: ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే గొట్టాన్ని ముక్కు మధ్య గోడవైపు కాకుండా చెవివైపు వంచి రోజూ కొట్టాలి. ఊపిరి తీసేటప్పుడు పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ముందు ఆస్తమా డాక్టరును చూడాలి.