‘క్లైబ్యం మా స్మ గమః’లో క్లైబ్యం అంటే ఒట్టి పిరికితనమేనా?

గుంపులో ఒకరు అడిగిన ప్రశ్నకి కామెంట్‌లో జవాబు మొదలుపెడితే చాలా పొడుగైపోయింది, అందుకని విడిగా పెడుతున్నాను. గీత రెండో అధ్యాయం మూడో శ్లోకంలో ‘క్లైబ్యం మా స్మ గమః పార్థ నైతత్త్వయ్యుపపద్యతే’ అని ఉంది కదా, దానికి కొన్ని తెలుగు పుస్తకాల్లో పిరికితనం అని, కొన్నింట్లో నపుంసకత్వం అని తాత్పర్యం రాశారు, రెండింట్లో ఏది సరైనది అని వారి సందేహం.

మాటకి అర్థం నపుంసకత్వమే అండీ. క్లీబుడి భావం క్లైబ్యం. పిరికితనం అనేది ఆ సందర్భంలో కృష్ణుడు ఉద్దేశించిన భావం. తాత్పర్యం రాసేవాళ్ళు మాటని వదిలేసి భావం ఒక్కటే రాస్తే పాఠకుడికి ఒక పెద్ద విషయం కనిపించకుండా పోతుంది: ఈ మాట ఎవరితో అంటున్నాడు? ఇంకెవరితోనో కాదు, అంతకుముందు ఒక ఏడాది పాటు విరాటుడి కొలువులో క్లీబరూపంలోనే బతికిన అర్జునుడితో. అజ్ఞాతవాసం ముగిసిన తర్వాత వచ్చిన యుద్ధం ఇది. ఆ ఏడాది సంగతి కృష్ణుడికి తెలుసు, వినే అర్జునుడికీ తెలుసు, కథ చెప్పే వ్యాసుడికీ తెలుసు. ‘నైతత్త్వయ్యుపపద్యతే’, ఇది నీకు తగదు అనడంలో ఆ పాత సంగతి గుచ్చుకోకుండా ఉంటుందని నేను అనుకోను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళి విరాటపర్వం మూలం చూడాలి. అజ్ఞాతవాసంలో ఎవరు ఏ వేషం వేయాలో అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నప్పుడు అర్జునుడు తనంతట తానే ధర్మరాజుతో ‘ప్రతిజ్ఞాం షండకోఽస్మీతి కరిష్యామి మహీపతే’ అంటాడు, నేను షండుణ్ణని చెప్పుకుంటాను అని. మనందరికీ ఊర్వశి శాపం కథ బాగా తెలుసు కాబట్టి ఇదంతా శాపఫలం అనుకుంటాం, కానీ పూనా భండార్కర్ సంస్థ పరిష్కరించిన ప్రతిలో ఆ శాపం ఘట్టాన్ని ప్రధాన పాఠంలో ఉంచలేదు, అనుబంధంలోకి పంపారు. శాపం పక్కన పెట్టి చదివితే శిక్ష అనే మాట పోతుంది, అర్జునుడు తన నోటితో ఎంచుకున్న వేషం మిగులుతుంది. విరాటుడు కూడా ఊరికే నమ్మలేదు, పరీక్ష చేయించాడు. ‘అపుంస్త్వమప్యస్య నిశమ్య చ స్థిరం తతః కుమారీపురముత్ససర్జ తమ్’, పుంస్త్వం లేదన్నది నిశ్చయమని విన్నాకే కన్నెల అంతఃపురానికి పంపాడు. పంపింది ఎందుకు? ఉత్తరకీ ఆమె చెలికత్తెలకీ ఆటపాటలు నేర్పడానికి. అంటే పని ఇచ్చాడు, కొలువిచ్చాడు, కూతురిని అప్పగించి గురువుని చేశాడు. చివర్లో నిజం తెలిశాక విరాటుడు ఉత్తరని నువ్వే పెళ్ళి చేసుకో అంటే, ఆ అమ్మాయి నన్ను తండ్రిలా, గురువులా నమ్మింది, నా కోడలిగా తెచ్చుకుంటాను అని అర్జునుడు అభిమన్యుడికి చేస్తాడు. ఆ వేషంలో సంపాదించుకున్న నమ్మకాన్ని, వేషం తీసేశాక కూడా నిలబెట్టుకున్నాడు. నాకు విరాటపర్వంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఉత్తరగోగ్రహణంలో ఇంకో శ్లోకం ఉంది. కౌరవసైన్యాన్ని చూసి ఉత్తరకుమారుడు రథం దూకి పారిపోతుంటే, పొడుగు జడ ఊగుతుండగా బృహన్నల (ఆ వేషంలో అర్జునుడి పేరు) వెంటపడి పట్టుకుంటుంది. సైనికులు నవ్వుతారు. అప్పుడు కౌరవులు అనుకునే మాట: ‘కించిదస్య యథా పుంసః కించిదస్య యథా స్త్రియః’, కొంత మగవాడిలా ఉంది, కొంత ఆడదానిలా ఉంది. తర్వాతి పాదాల్లో ‘సారూప్యమర్జునస్యేవ క్లీబరూపం బిభర్తి చ’, పోలిక అర్జునుడిదే, రూపం క్లీబరూపం. గీతలో ఉన్న క్లైబ్యానికి మూలమైన క్లీబశబ్దమే ఇక్కడా ఉంది, మరి ఆ సన్నివేశంలో పిరికివాడు ఎవరు? మీసం మెలేసి కోతలు కోసిన రాజకుమారుడు. ధైర్యంగా నిలబడింది ఎవరో చెప్పక్కర్లేదు. తెలుగువాళ్ళం దీన్ని సరిగ్గానే పట్టుకున్నాం, మన జాతీయం ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’. పిరికితనానికి బృహన్నల పేరు పెట్టలేదు.

కాబట్టి అడిగినవారికి నా జవాబు: క్లీబ అన్న మాట ఆ ఒక్క భారతంలోనే తిట్టుగానూ ఉంది, ఒక మనిషి ఉండే తీరు చెప్పే మాటగానూ ఉంది. రెండూ నిజమే. మన పురాణాల్లో అందరినీ అక్కున చేర్చుకున్నారు, వివక్ష అంతా బయటినుంచి వచ్చింది అని రాసేవాళ్ళు గీతాశ్లోకాన్ని దాటేస్తారు, ఇవన్నీ విదేశీ పోకడలు అనేవాళ్ళు విరాటపర్వాన్ని దాటేస్తారు.

అమరకోశం (అమరసింహుడు రాసిన సంస్కృత పర్యాయపద నిఘంటువు) కంఠస్థం చేసినవాళ్ళు ఈ గుంపులో చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఒక విషయం గుర్తుచేస్తాను. ద్వితీయకాండ, మనుష్యవర్గంలో ‘తృతీయాప్రకృతిః శండః క్లీబః పండో నపుంసకే’ అన్న పాదం ఎక్కడ వస్తుందో చూడండి. దానికి ముందు గర్భాశయం, ప్రసవమాసం, గర్భం, భ్రూణం అనే మాటలు. దాని వెంటనే శిశుత్వం, శైశవం, బాల్యం. గర్భానికీ శైశవానికీ మధ్యలో పెట్టాడు అమరసింహుడు. పైగా మొదటి పర్యాయపదంలోనే ప్రకృతి అని ఉంది, అది దోషమనో రోగమనో చెప్పే పదం కాదు. పుట్టుకతో వచ్చిన తీరు అని ఆయన అనుకున్నాడనే నేను చదువుకుంటాను. కామసూత్రాల్లో వాత్స్యాయనుడు కూడా ఇదే మాట వాడి ‘ద్వివిధా తృతీయాప్రకృతిః స్త్రీరూపిణీ పురుషరూపిణీ చ’ అన్నాడు, ఆడరూపు వాళ్ళూ మగరూపు వాళ్ళూ అని రెండు రకాలు. అంటే తృతీయ అన్న గూట్లో అందరూ ఒకేలా ఉండరని ఆ కాలానికే తెలుసు.

వ్యాకరణం సంగతి కూడా ఒక్క ముక్క, ఎందుకంటే నపుంసకలింగం అన్న మాటని ఇక్కడికి లాక్కొచ్చి గందరగోళం చేస్తున్నారు. సంస్కృతంలో భార్య అనే అర్థానికి ‘దారాః’ పుంలింగం, ‘భార్యా’ స్త్రీలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం. మనిషి ఒకరే. లింగం మాటది, ఒంటిది కాదు. పతంజలి మహాభాష్యంలో స్తనాలూ జుట్టూ ఉంటే స్త్రీ అన్న లక్షణం చెప్పి, మరి మంచానికి (ఖట్వా) అవేం ఉన్నాయని స్త్రీలింగం అని నిలదీస్తాడు.

ఇప్పుడు తెలుగు మాట. తిక్కన భారతంలో బృహన్నల విషయంలో కనిపించే అచ్చతెలుగు మాట ‘పేడి’. తమిళంలోనూ పేడి ఉంది, శిలప్పదికారం అనే పాత తమిళ కావ్యంలో మాధవి ఆడే పదకొండు ఆటల్లో మన్మథుడు ఆడిన పేడి ఆట ఒకటి. కన్నడంలో పకారం హకారమై ‘హేడి’ అయింది, అర్థం పిరికివాడు అయిపోయింది. మలయాళంలో పేడి అంటే భయం. తెలుగులో మాత్రం ఈ మాట భయం వైపు జారలేదు, స్త్రీపుంసుల మధ్య ఉన్నవారు అనే అర్థంలోనే నిఘంటువుల్లో నిలిచింది, మీసం గడ్డం రానివాడిని పేడిమూతి అనడం ఒక్కటి వాడుకలో కొంత మిగిలింది. పెద్ద నష్టం ఏమిటంటే పేడి పోయి ఆ స్థానంలోకి ‘కొజ్జా’ వచ్చింది. అది ఉర్దూ ఖోజా, దాని వెనక పారశీక ఖ్వాజా ఉంది, ఖ్వాజా అంటే దొర, పెద్దమనిషి. దర్బారుల్లో హోదా ఉన్నవాళ్ళని పిలిచిన గౌరవపదం మన వీధుల్లోకి వచ్చేసరికి రాయి వేసినట్టు విసిరే తిట్టు అయింది. దయచేసి ఈ గుంపులో సరదాకి కూడా ఆ మాట వాడొద్దు.

‘శిఖండి’ని కూడా ఇలాగే పాడుచేశాం. ఎవరినైనా అడ్డం పెట్టుకుంటే, పని చెడగొడితే శిఖండి అంటాం. ఉద్యోగపర్వం చదివితే ఆ కథ ఎంత బరువైనదో తెలుస్తుంది. ఆడపిల్లగా పుట్టి మగపిల్లాడిగా పెరిగి, దశార్ణరాజు కూతురితో పెళ్ళయి, నిజం బయటపడి యుద్ధం ముంచుకొస్తే, చచ్చిపోదామని అడవికి వెళ్తే స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వం ఇచ్చి ఆడరూపు తను తీసుకుంటాడు. కుబేరుడు కోప్పడి శపిస్తే శిఖండి బతికున్నంతకాలం అలాగే ఉండిపోతాడు. ఎవరి కోసమో తన ఒంటినే ఇచ్చిన ఆ యక్షుడిని మనం ఎప్పుడూ తలుచుకోం. రథికుల లెక్క చెప్పేటప్పుడు స్వయంగా భీష్ముడే శిఖండిని ముఖ్యమైన రథికుల్లో చేర్చాడు. అనుశాసనపర్వంలో భంగాస్వనుడనే రాజు స్త్రీగా మారాక, ఇంద్రుడు మళ్ళీ మగవాడిని చేస్తానన్నా వద్దు, స్త్రీగానే ఉంటానంటాడు. అది ఇంకో పోస్టు అవుతుంది.

ఆ ప్రశ్న కిందే ఇంకొకరు ‘ఇవన్నీ కథలు, వీటితో ఇప్పటివాళ్ళకి ఏం ఒరుగుతుంది’ అని రాశారు. ఒరుగుతుంది అండీ. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. బ్రిటిషువాళ్ళు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టంలోలాగే హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించడం, ఆడబట్టల్లో బయట కనిపించినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండా అరెస్ట్ చేయడం. బృహన్నలకి విరాటుడు కొలువిచ్చింది సరిగ్గా ఏ పనికో ఆ పనినే నేరం చేశారు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో, మొన్న మొన్నటిదాకా అది పుస్తకాల్లో ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో స్త్రీ, పురుషుడు, తృతీయలింగం వీటిలో తామెవరో చెప్పుకునే హక్కు మనిషిదే అన్నప్పుడు, వైదిక, పౌరాణిక సాహిత్యంలోని తృతీయాప్రకృతి అన్న మాటని తీర్పులోనే ప్రస్తావించింది. అమరకోశంలో మన పెద్దలు వల్లెవేసిన మాటే.

చివరి ప్రశ్న, నాకు అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్నగా అనిపించినది: రాసేటప్పుడు బృహన్నల ‘వచ్చాడు’ అనాలా ‘వచ్చింది’ అనాలా, ఇప్పటి ట్రాన్స్ వ్యక్తుల గురించి ఎలా రాయాలి? బృహన్నల గురించి నేను పైన ‘పట్టుకుంటుంది’ అని రాశాను, ఆ రూపంలో ఉన్నప్పుడు ఆ రూపానికి తగ్గట్టు. బతికున్న మనుషుల విషయంలో అయితే వాళ్ళు ఏం చెప్పుకుంటే అదే. ట్రాన్స్ మహిళల్లో చాలామంది మమ్మల్ని మూడోవాళ్ళని అనొద్దు, మేం ఆడవాళ్ళమే అంటారు, అప్పుడు ఆమె, వచ్చింది, ఇందులో చర్చకి చోటు లేదు. తెలియనప్పుడు ‘తను’ అంటే సర్వనామం వరకు సరిపోతుంది కానీ క్రియ దగ్గర మళ్ళీ దొరికిపోతాం, వచ్చాడో వచ్చిందో తేల్చాల్సిందే. అక్కడ ‘వారు వచ్చారు, చెప్పారు, పాడారు’ అని రాయండి. మన భాషలో మర్యాద బహువచనానికి ఆడ మగ తేడా లేదు, కొత్త సర్వనామం ఏదీ పుట్టించక్కర్లేదు.