జార్జ్ మైకన్ టైటిళ్లు ఐదా, ఏడా?

మా అమ్మాయికి పదమూడేళ్లు. క్లాసులో అందరికంటే పొడుగు, పైగా కళ్లజోడు. బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో రోజూ మైకన్ డ్రిల్ చేయిస్తున్నారు. రింగు కింద నిలబడి ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో ఆపకుండా బంతి వేస్తూ పోవాలి. "ఎవరు నాన్నా ఈ మైకన్?" అనడిగింది. స్కూల్లో చార్టు కూడా పెట్టాలట.

జార్జ్ మైకన్ 1940, 50ల నాటి అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఆయనదీ కళ్లజోడే, ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. షికాగోలోని డీపాల్ యూనివర్సిటీలో కోచ్ రే మేయర్ సానపట్టారు. మైకన్ రింగులోకి దిగబోయే బంతుల్ని ఈగల్ని తోలినట్టు తోలేసేవాడు. అతనూ బాబ్ కర్లండ్ లాంటి పొడగరులూ ఇలా చేస్తుంటే 1944లో కాలేజీ ఆటలో దాన్ని నిషేధించారు. 1951లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, మైకన్‌ను అదుపు చేయడానికి, రింగు ముందు లేన్‌ను 6 అడుగుల నుంచి 12కి పెంచింది. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ జట్టు బంతిని దాచుకుని ఆడి మైకన్ జట్టు లేకర్స్ మీద 19-18తో గెలిచింది. ఆ 18లో 15 మైకన్‌వే! ఇది విని మా పిల్ల ఒకటే నవ్వు.

చిక్కల్లా టైటిళ్ల దగ్గరే. ఎన్‌బీఏ లెక్కలో మినియాపొలిస్ లేకర్స్‌తో 1949, 1950, 1952, 1953, 1954, మొత్తం ఐదు. అంతకుముందు ఎన్‌బీఎల్ అనే వేరే లీగ్‌లో 1947లో షికాగో గేర్స్‌తో, 1948లో లేకర్స్‌తో మరో రెండు. 1949 నాటి లీగ్ పేరు కూడా ఎన్‌బీఏ కాదు, బీఏఏ; అదే తర్వాత ఎన్‌బీఏ అయింది. మరి దాన్ని కలిపి, ఎన్‌బీఎల్‌వి వదిలేయడం న్యాయమా? మీరైతే చార్టులో ఎంత రాస్తారు?

ఇంకోటి, డ్రిల్‌లో ఎడమవైపు వెళ్లేసరికి మా అమ్మాయి అడుగులు తడబడుతున్నాయి. ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా సరిచేయాలో కాస్త చెప్పండి.