రంగులు అద్దే ఊళ్ళో ఏది తాగాలి: బోరు నీళ్ళా, క్లోరిన్ వేసిన నల్లా నీళ్ళా?

చిటికి మగ్గం:
మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు. పట్టుకు ఆసిడ్ రంగులు, నూలుకు నప్తాల్, వ్యాట్ రంగులు వెనక వాకిట్లో మేమే అద్దుకుంటాం. మిగిలిన రంగు నీళ్ళు కాస్టిక్ సోడా, హైడ్రోస్ (వ్యాట్ రంగు కరగడానికి వేసే పొడి)తో సహా గుంతలోకి పోతాయి. ఆ గుంతకు ఇరవై అడుగుల్లో మా బోరు.

ఇప్పుడు గొడవేంటంటే, భగీరథ నల్లా నీళ్ళు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి. క్లోరిన్‌తో క్యాన్సర్ వస్తుందని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అంతే, మా వాడకట్టులో చాలామంది నల్లా నీళ్ళు బట్టలకు వాడి, బోరు నీళ్ళు తాగుతున్నారు. "బోరు నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదరా" అంటుంది అమ్మ. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. అసలు దేనికి భయపడాలి?

మర్రిగూడ బిడ్డ:
తమ్ముడూ, అద్దంలాంటి నీళ్ళ సంగతి మా మండలాన్ని అడుగు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ తేట నీళ్ళే మా పెద్దల నడుములు వంచాయి, పిల్లల పళ్ళను గారపట్టించాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఆ తేడా ఏ కంటికి తెలుస్తుంది? మీ బోరులో రంగు కనబడటం లేదని ధైర్యపడకు. నేల రంగును పట్టుకుని, అద్దకం నీళ్ళలోని ఉప్పును కిందికి వదిలేస్తుంది.

పాలమూరు పంతులు:
బోరును నేనూ వెనకేసుకురాను. కానీ క్లోరిన్ భయాన్ని ఉత్త పుకారని కొట్టిపారేయొద్దు. 1974లో నెదర్లాండ్స్‌లో రూక్ అనే శాస్త్రవేత్త, క్లోరిన్ వేసిన నీళ్ళలో క్లోరోఫాం పుడుతోందని చూపించాడు. నీళ్ళలో ఉన్న ఆకు కుళ్ళు, నాచు లాంటివాటితో క్లోరిన్ కలిస్తే అది తయారవుతుంది. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం ఉండొచ్చన్న అధ్యయనాలు ఉన్నాయి. నేను పనిచేసిన ఒక బడి ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కొలత లేకుండా డబ్బాతో గుమ్మరించడం కళ్ళారా చూశాను. పిల్లలు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నీళ్ళ పరీక్షల అక్క:
నీళ్ళ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. పంతులుగారు చెప్పిన శాస్త్రం నిజం, కాకపోతే కొలతా చెప్పుకోవాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లా చివర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఎందుకు మిగలాలంటే, మన నల్లాలు రోజంతా రావు. నీళ్ళు ఆగినప్పుడు ఖాళీ పైపు తన పగుళ్ళలోంచి పక్క మోరీ నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్ళు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది కొద్ది రోజుల్లో జరిగిపోయింది. క్లోరోఫాం ముప్పు దశాబ్దాల మాట. ఆ భయంతో క్రిములను చంపే పని మాత్రం తగ్గించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇష్టమొచ్చినట్టు గుమ్మరిస్తుంటే పంచాయతీని నిలదీయండి, నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌తో మీ ముందే చూపించమనండి.

కొయ్యలగూడెం నేత:
అందరూ ఆ గుంత మీదే పడ్డారు. మేం గుంతలో బ్లీచింగ్ చల్లుతాం, కాసేపటికి రంగు పోయి నీళ్ళు తేటపడతాయి. ఇంకేం సమస్య? హైదరాబాద్ మురుగంతా మోసుకొస్తున్న మూసీని వదిలేసి నేతన్నను అంటారేం?

నీళ్ళ పరీక్షల అక్క:
అన్నా, దండం పెడతాను, ఆ పని ఆపండి. ఆసిడ్ కలిసిన రంగు నీళ్ళలో బ్లీచింగ్ పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. వంగి చూసినవాళ్ళ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రంగు పోయిందంటే దాని అణువు విరిగిందని అర్థం. విరిగిన ముక్కలు అక్కడే ఉంటాయి, కొన్ని క్లోరిన్‌ను అంటించుకుని మరింత మొండిగా తయారవుతాయి. బ్లీచింగ్ వేయకపోయినా, గాలి తగలని గుంతలో నప్తాల్ లాంటి అజో రకం రంగులు విరిగి అమీన్లనే రసాయనాలు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. మన దేశం 1997 నాటికి 112 రంగులను నిషేధించింది అందుకే. ఉప్పు, కాస్టిక్ సంగతి సరేసరి, బ్లీచింగ్ వాటిని తాకను కూడా తాకదు.

మూసీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, దాని మీద మీతో కలిసి కొట్లాడతాను. అయినా గుంత పక్కన బోరు నీళ్ళు తాగేది మీ పిల్లలే కదా.

చిటికి మగ్గం:
నిన్న బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు రెండూ పరీక్షకు ఇచ్చాను. బోరుకు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), ఫ్లోరైడ్ కూడా చూడమన్నాను. అప్పటిదాకా ఇంట్లో నల్లా నీళ్ళే. రాత్రి బిందెలో పట్టి పలుచటి బట్ట కప్పి ఉంచితే పొద్దుటికి వాసన తగ్గుతోంది, అమ్మ తాగుతోంది. ఏ రోజు నీళ్ళు ఆ రోజే వాడేస్తున్నాం.

కొయ్యలగూడెం అన్నా, నేనూ నేతవాడినే, మీ బాధ నాకు తెలుసు. తిరుప్పూరులో అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిని పాడుచేస్తే, 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి యూనిట్లను మూయించింది. ఆ రోజు మనకు రావొద్దు. ఇంటింటికీ శుద్ధి ప్లాంటు మనవల్ల కాదు. ఊరి అద్దకమంతా ఒక్క షెడ్డులోకి తెచ్చి, ఆ నీళ్ళు అక్కడే శుద్ధి చేయించమని ఈసారి గ్రామసభలో అడుగుతున్నాను. మీ ఊళ్ళో కూడా అడగండి.