రొయ్యకి రోజులు లెక్కేస్తాం, మనకెవరేస్తారు?

అల్లూరు రొయ్యలగుంట:
అందరికీ నమస్తే. ఇది రొయ్యల రేటు గురించి కాదు, ముందే చెప్తున్నా. మొన్న రాత్రి పాత మేత పుస్తకాలు, అదే రొయ్యలకి రోజూ ఎంత మేతేశామో రాసేవి, అటక మీద నుంచి దించాను, ఒక బిల్లు కోసం. 2014 పుస్తకం దొరికింది. అందులో ఒక పేజీ మా నాయన రాసింది, గుంటలో రొయ్యపిల్ల పోసిన 58వ రోజు, 3వ గుంట, మేత 42 కిలోలు, పక్కన ట్రే ఖాళీ అని, అంటే తింటన్నాయో లేదో చూడ్డానికి ట్రేలో పెట్టిన మేతంతా అయిపోయిందని. నాయన పోయి ఆరేళ్ళు. ఆ రోజు ఆయన నాతో ఏం మాట్లాడాడో, ఇద్దరం కలిసి తిన్నామో లేదో ఒక్క ముక్క గుర్తులేదు, రొయ్యలు ఎంత తిన్నాయో మాత్రం కిలోలతో సహా రాసుండాది. పుస్తకం అట్టాగే పట్టుకోని కూర్చున్నా చాలాసేపు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు 90వ కీర్తన చదివాడు, అదే మోషే ప్రార్థన, మా రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పు అని అడిగేది. అందులోనే మనిషి ఆయుష్షు డెబ్బై ఏళ్ళు, బలముంటే ఎనభై అని కూడా ఉంది కదా. నాకు 47. ఇంటికొచ్చి లెక్కేస్తే డెబ్బైకి 23 ఏళ్ళు, అంటే 8 వేల చిల్లర రోజులు. అది పెద్దగా అనిపించలా. ఏడాదికి రెండు పంటలు కాబట్టి ఇంక 46 పంటలు అనుకునేసరికి మాత్రం గుండె గుభేల్మంది, ఎందుకంటే పంట ఎంత తొందరగా అయిపోద్దో నాకు తెలుసు, పిల్ల పోసినట్టుంటది, అంతలోనే పెరిగిన రొయ్యల్ని పట్టుకుపోయే లారీ వచ్చి గట్టు మీద ఆగుంటది.

భక్తి ఉండాది నాకు, కాదనను, కానీ అది ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకానే. మిగతా ఆరు రోజులు గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, కరెంటు, మేత. మీరు ఏ దేవుణ్ణి నమ్మినా సరే, రోజుని రోజులాగా ఎట్టా పట్టుకుంటన్నారో చెప్పండి.

చీమకుర్తి కుర్రోడు:
అన్నా దీనికి దేవుడెందుకు. పదేళ్ళ పిల్లోడికి ఏడాదంటే వాడి బతుకులో పదో వంతు, నీకు 47వ వంతు, అందుకే చిన్నగా కనపడద్ది. రోజూ ఒకే పని చేస్తే రోజులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతయ్. ఒక వారం గుంట వర్కరుకి వదిలేసి ఎటన్నా తిరిగిరా.

అల్లూరు రొయ్యలగుంట:
వారం వదిలితే తిరిగొచ్చేసరికి గుంటలో నీళ్ళే ఉంటాయ్ తమ్ముడూ 😀

నెల్లూరు చిన్నబజార్:
భాయ్, మాది బట్టల షాపు. నాకూ ఇదే బాధ ఉండేది, పొద్దున షట్టర్ ఎత్తితే రాత్రి దించేటప్పుడే తెలిసేది రోజు అయిపోయిందని. నమాజు అయిదు పూటలూ సరిగ్గా పట్టుకున్నాక మారింది. ఎందుకంటే ఆ టైములు గడియారంవి కాదు, సూర్యుడివి. మసీదు వాళ్ళిచ్చిన టైం పట్టీ కౌంటర్ దగ్గర అతికించా, ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజు, పది పదిహేను రోజులకి నాలుగైదు నిమిషాలు జరిగిపోతా ఉంటది. బేరం మధ్యలో లేచి పోవాల్సొస్తే మొదట్లో చిరాకేసేది. ఇప్పుడు రోజుకి అయిదు గుంజలు పాతినట్టుంది, మధ్యలో ఏం జరిగిందో గుర్తుంటది.

ఇంకోటి. మా నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ తెలుసు కదా, స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె, పెళ్ళి రొట్టె అని తీసుకుంటారు, కోరిక తీరినోళ్ళు మళ్ళీ మొహర్రానికి వచ్చి అదే రొట్టె వేరేవాళ్ళకి ఇస్తారు. ఒక ఏడు మా అమ్మ కోసం ఆరోగ్య రొట్టె తీసుకున్నా. ఆ ఏడాది ఒక్క రోజు కూడా ఊరికే పోలేదు భాయ్, రోజూ పొద్దున అమ్మ లేచి కూర్చుందా లేదా అని చూసేవాణ్ణి. పైగా మా చంద్రుడి లెక్క ఏడాది 10, 11 రోజులు పొట్టిది, మీకన్నా మాకే టైం తొందరగా పోద్ది 😄

ఒంగోలు టీచరమ్మ:
నాయనా, నేను రిటైరై తొమ్మిదేళ్ళు. మా ప్రార్థన కొండ సంగతి నీకు తెలిసే ఉంటది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జువెట్ దొర, ఆయన భార్య, మనవాళ్ళు కొందరు, మొత్తం అయిదుగురే ఎక్కి ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. వాళ్ళడిగిన ఆ మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. గుండ్లకమ్మ ఏట్లో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది 1878 జులై 3న. అందరూ ఆ 2,222 గురించే చెప్తారు. నాకు మాత్రం కొండ మీద ప్రార్థనకీ క్లౌ దొర రావడానికీ మధ్యలో పోయిన ఆ పన్నెండేళ్ళ మీదే మనసు, ఏమీ జరగని మామూలు రోజులు, ఎన్ని వేలో. వాళ్ళు ఆ రోజులు ఎట్టా గడిపారా అనుకుంటా.

నేను చేసేది చెప్తా, నవ్వొద్దు. రాత్రి ప్రార్థనలో అదియ్యి ఇదియ్యి అని అడగడం మానేశా. పొద్దుట్నించి ఎవరెవరు కనపడ్డారో పేర్లు చెప్పుకుంటా, పాలబ్బాయితో సహా. కొన్ని రోజులు నాలుగు పేర్లకే ఆగిపోద్ది, అప్పుడు తెలుస్తది ఆ రోజు ఎవర్నీ సరిగ్గా చూడలేదని. చీమకుర్తి బాబూ, నువ్వు చెప్పిందీ నిజమే గానీ ఆయన్ని తిరగమంటే గుంటలెవరు చూస్తారయ్యా.

చీమకుర్తి కుర్రోడు:
సరే టీచర్ గారూ 🙏 పేర్ల సంగతి బాగుంది, నమ్మకం లేకపోయినా చెయ్యొచ్చు

అల్లూరు రొయ్యలగుంట:
అందరికీ థ్యాంక్స్. మేత పుస్తకంలో చివర రిమార్క్స్ అని ఒక గడి ఉంటది, ఎప్పుడూ ఖాళీనే. నిన్నట్నించి అందులో రాస్తన్నా. 71వ రోజు, అమ్మ దొండకాయ వేపుడు చేసింది, పాప గుంట దాకా వచ్చి ట్రే ఎత్తింది, ప్రభువా నీకు స్తోత్రం అని. పొద్దున మేత చల్లే అబ్బాయి అది చదివి, అన్నా దొండకాయ ఎన్ని కిలోలు కలపాలి అంటన్నాడు.