ముప్పై దాటిన బ్యాకప్ రక్‌మన్‌ని ఉంచుకోవాలా, వదిలేయాలా?

మెల్‌బోర్న్‌లో ఉండి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) పిచ్చి పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా టీమ్ రెండో రక్‌మన్‌కి (అంటే పైకి వేసిన బంతికి ఎగిరి, దాన్ని తనవాళ్ల వైపు తట్టే పొడగరి) ముప్పై దాటాయి. ఈ సీజన్ దాదాపు అంతా వీఎఫ్ఎల్‌లోనే (కింది స్థాయి లీగ్) ఆడాడు. క్లబ్ ఆటగాళ్ల లిస్టులో ఆ చోటు దండగ, కుర్రాణ్ని తీసుకోవాలని మా ఆఫీసు ఫ్రెండ్ అంటున్నాడు. నాకేమో టెన్షన్. రెండు మీటర్ల కుర్రాడు దొరికినా, ముదురు రక్‌మన్‌ల తోపులాటకి తట్టుకునేలా తయారవడానికి ఏళ్లు పడుతుంది కదా! మెయిన్ రక్‌మన్‌కి మోకాలు దెబ్బతింటే ఆ వారం బంతికి ఎగిరేదెవరు? ఇలాంటి బ్యాకప్ రక్‌మనే అయిన టామ్ క్యాంప్‌బెల్‌ని చూడండి. బుల్‌డాగ్స్, నార్త్ మెల్‌బోర్న్, సెయింట్ కిల్డా, మెల్‌బోర్న్ అంటూ నాలుగు క్లబ్బులు తిరిగాడు, ఊరికే తీసుకోరుగా. (మన క్రికెట్లో రెండో కీపర్ లాంటోడా అని అడిగింది మా ఆవిడ. దాదాపు అంతే.) మా రెండో రక్‌మన్‌కి ఒక్క ఏడాది కాంట్రాక్టు ఇచ్చి, కుర్రాణ్ని రూకీ లిస్టులో (మెయిన్ లిస్టుకి అదనంగా ఉండేది) పెట్టుకుంటే సరిపోతుందంటారా?