మహాభారత్ పాత టేపులు: బాణాల సీన్లలో వణుకు, వెనకబడే మాట. సాయం కావాలి

దూరదర్శన్‌లో 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా వచ్చిన బీఆర్ చోప్రా మహాభారత్ (94 భాగాలు) వీహెచ్ఎస్ రికార్డింగులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు; పాల్ (మన పాత టీవీ సిగ్నల్ పద్ధతి), 720×576, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతల రెండు సగాలుగా, అంటే ఫీల్డులుగా, పంపే పద్ధతి).

గాల్లో బాణాలు ఢీకొనే చోట అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి. ఒక్కో ఫీల్డునూ ఒక్కో ఫ్రేముగా మార్చి సెకనుకు 50 చేశాను. చీలిక పోయింది, కానీ కదిలే ప్రతిదీ ముందుకీ వెనక్కీ వణుకుతోంది. ఫీల్డుల వరస తారుమారైనట్టే కదా? మీ కార్డులు టాప్ ఫీల్డు (పై గీతతో మొదలయ్యే సగం) ముందు ఇస్తున్నాయా, బాటమా?

ఇంకోటి, గంట తిరిగేసరికి మాట పెదాలకన్నా అర సెకను వెనకబడుతోంది. మధ్యలో ఫ్రేములు జారిపోతున్నాయి. టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్‌లో సమయపు తేడాలను సరిచేసే పరికరం) దొరకనప్పుడు డీవీడీ రికార్డర్ గుండా సిగ్నల్ పంపితే కుదురుకుంటుందా?

చిన్నప్పుడు కళ్లప్పగించి చూసిన యుద్ధం ఇప్పుడు అట్టకత్తుల ఆటలా ఉందని చాలామంది అంటున్నారు. అందులో సగం నేరం కొత్త టీవీలదే అని నా నమ్మకం: 4:3 బొమ్మను 16:9కి సాగదీస్తాయి, మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేయడం) తోడవుతుంది. రాహీ మాసూమ్ రజా సంభాషణలు, కథ చెప్పే సమయ్‌గా (కాలంగా) హరీష్ భిమానీ గొంతు మాత్రం ఈనాటికీ వన్నె తగ్గలేదు. అందుకే బొమ్మకూ న్యాయం చేయాలని ఉంది. బొమ్మలోని నాయిస్ (చుక్కల గరుకు) తీసేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతున్నాయి. ఎంత గరుకు ఉంచాలి? వాడిన ఫిల్టరు, దాని విలువలతో చెప్పగలరా?