సిగ్నల్ దగ్గర ఈవీదే పైచేయి, మరి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద?

టాటా నెక్సాన్ ఈవీ (ఎలక్ట్రిక్ కారు), నెక్సాన్ టర్బో పెట్రోల్: ఈ రెండిట్లో ఒకటి తీసుకోవాలి. రెండూ నడిపినవాళ్లు కాస్త చెప్పండి.

హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ లాంటి సిగ్నల్ దగ్గర సందేహమేం లేదు. ఈవీ మోటారు కదలకముందే, అంటే సున్నా ఆర్‌పీఎం నుంచే 215 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. పెట్రోల్ బండి 170 ఎన్ఎం అందుకోవాలంటే ఇంజిన్ సుమారు 1,750 ఆర్‌పీఎంకి చేరాలి, క్లచ్, గేర్ల ఆలస్యం అదనం. 0 నుంచి 40 కి.మీ. వేగం దాకా ఈవీదే ముందడుగు.

అసలు సందేహం 80 నుంచి 120 మీద. వేగం పెరిగేకొద్దీ మోటారు టార్క్ పడిపోతుంది, పైగా దిగడానికి గేర్లుండవు. పెట్రోల్‌లో మూడో గేరుకి దించితే బండి మళ్లీ లాగుతుంది. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, ఛార్జ్ 20 శాతం దగ్గరున్నప్పుడు ఓఆర్ఆర్ మీద లారీని దాటడానికి ఈవీకి ఎన్ని సెకన్లు పడుతోంది? మీటరు చూసి చెప్పండి, అంచనా వద్దు.

ఇంకొకటి, వానలో. యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి వాలి ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది. తడిసిన జీబ్రా గీతల మీద చక్రాలు జారుతున్నాయా? పవర్ తగ్గించే ఎకో మోడ్ సరిపోతుందా, లేక టైర్లే మార్చాలా? మారిస్తే రేంజ్ (ఒక ఛార్జ్ మీద వెళ్లే దూరం) ఎంత తగ్గింది?